పిల్లల్ని వరండాలోకి పంపేస్తే ఆరాధన బాగుపడుతుందా?

పర్లాకిమిడి_టీచర్
మా సంఘంలో ఆదివారం ఆరాధన 10 గంటలకి మొదలై పన్నెండున్నర దాకా సాగుతుంది. హాలు 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, పైన రేకులు. పెద్దవాళ్ళు 90 మంది దాకా, పన్నెండేళ్ళ లోపు పిల్లలు 35 మంది. వేరే గది లేదు. పిల్లలు ఇప్పుడు వెనక చాపల మీద కూర్చుంటున్నారు. గోల ఎక్కువైందని కమిటీలో ఒక మాట వచ్చింది: పిల్లలకి 8 గంటలకే సండే స్కూల్ పెట్టి ఇళ్ళకి పంపేద్దాం, ఉండిపోయినవాళ్ళు వరండాలో కూర్చుంటారు అని.

నాకు ఇది ఒప్పుకోబుద్ధి కావడం లేదు. కానీ వద్దు అని ఊరుకుంటే ఎవరూ వినరు, బదులుగా ఏం చేయాలో చూపించాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. పిల్లలంతా ఒడియా మీడియం. ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని అక్షరం రాదు. కీర్తనల పుస్తకం చేతికిస్తే తిప్పి చూసి పక్కన పెడతారు. పాట రాదు కాబట్టి కబుర్లు, కబుర్లు కాస్తా గోల.

ఎక్కడ కూర్చోబెట్టాలి, ఎంతసేపు, ఎవరు చూడాలి, ఏమేం సిద్ధం చేయాలి? వివరంగా రాయండి. వచ్చే ఆదివారం సాయంత్రం మళ్ళీ కమిటీ ఉంది.

సంఘపెద్ద_రాయగడ
కమిటీ చెప్పినదాంట్లో తప్పేమీ కనపడటం లేదు. వారమంతా కష్టపడి వచ్చినవాళ్ళు రెండు గంటలు వాక్యం వినాలని కోరుకుంటారు. నెహెమ్యా 8వ అధ్యాయంలో ధర్మశాస్త్రం చదివినప్పుడు "వినగలిగిన, గ్రహించగలిగిన వాళ్ళందరూ" పోగయ్యారని ఉంది. అంటే గ్రహించలేని చిన్నవాళ్ళు అక్కడ లేరనేగా. ప్రసంగి 5 కూడా మందిరానికి వెళ్ళేటప్పుడు జాగ్రత్త అంటుంది. భక్తిగా ఉండటం నేర్పించాకే లోపలికి తేవాలి.

కాశీనగరం_అమ్మ
బయట ఉంచి లోపల ఎలా ఉండాలో నేర్పడం ఎలాగండి?

జయపురం_లూథరన్
సంఘపెద్ద గారు, నెహెమ్యా 8 మీరు చెప్పినట్టే ఉంది, కాదనను. కానీ అదే గ్రంథం 12:43లో యెరూషలేము ప్రాకారం ప్రతిష్ఠించిన రోజు స్త్రీలూ పిల్లలూ కూడా సంతోషించారనీ ఆ ధ్వని చాలా దూరం వినపడిందనీ ఉంది. పిల్లల గోల అందులో కలిసే ఉంటుంది. ఇంకొన్ని కూడా చూడండి.

ద్వితీయోపదేశకాండం 31:12: ధర్మశాస్త్రం చదివేటప్పుడు పురుషుల్ని, స్త్రీలను, పిల్లల్ని, పరదేశుల్ని పోగుచేయమన్నాడు. ఎందుకంటే ఇంకా తెలియని పిల్లలు విని నేర్చుకోవాలని (31:13). గ్రహించాక రమ్మనలేదు, వచ్చి గ్రహించమన్నాడు. యెహోషువ 8:35లో కూడా పిల్లలు ఉన్నారు. యోవేలు 2:16లో ఉపవాస దినానికి చంటిపిల్లల్ని సైతం తెమ్మన్నాడు, అది ఏడ్పుల కూడిక. 2 దినవృత్తాంతాలు 20:13లో యుద్ధం మీద పడబోతుంటే పసిపిల్లలతో సహా యెహోవా ఎదుట నిలబడ్డారు.

కొత్త నిబంధనలో ఎఫెసీ 6:1 చూడండి. పౌలు నేరుగా "పిల్లలారా" అని పిలిచాడు. ఆ పత్రిక సంఘం కూడినప్పుడు పైకి చదివేది. ఎదురుగా పిల్లలు లేకపోతే ఎవరిని పిలిచినట్టు? లూకా 18:15లో అయితే తెచ్చింది చంకబిడ్డల్ని. శిష్యులు అడ్డుకున్నప్పుడు ప్రభువు కోపపడ్డాడని మార్కు 10:14 చెబుతుంది. ఆయన కోపపడ్డాడని సువార్తల్లో రాసిన చోట్లు చాలా తక్కువ, వాటిలో ఇది ఒకటి. కమిటీలో ముందు ఈ ఒక్క వచనం చదివించండి.

గుణుపురం_కంజీర
వెనక చాపలే అసలు తప్పు. నాలుగేళ్ళ పిల్లవాడికి వెనక నుంచి కనపడేది పెద్దవాళ్ళ వీపులు. ఏమీ కనపడకపోతే చూడ్డానికి ఇంకేదో వెతుక్కుంటాడు. చాపలు ముందుకి తెచ్చేయండి.

35 మందికి 6×4 చాపలు 6 సరిపోతాయి. వేదిక నుంచి 6 అడుగులు వదిలి రెండు వరసలు వేయండి, మధ్యలో నడవడానికి 3 అడుగుల దారి ఉంచండి. చాపకి ఆరుగురు. ప్రతి చాప చివర ఒక పెద్దమనిషి. ఒక్క టీచరు 35 మందిని చూడటం కుదరని పని, ఆదివారానికి ఆరుగురు కావాలి, సంఘం మొత్తం మీద అడిగి నెలకి ఒకసారి వంతు వచ్చేలా 24 మంది పేర్లు రాసుకోండి. స్త్రీల సమాజం వాళ్ళే చేయాలని లేదు, మగవాళ్ళు కూర్చుంటే మగపిల్లలు ఇంకా బాగా కుదురుగా ఉంటారు.

అన్నదమ్ముల్ని ఒకే చాప మీద వేయకండి. పదేళ్ళు దాటినవాళ్ళు చాప వద్దంటారు, వాళ్ళని అమ్మానాన్నల పక్కన బెంచీ మీద కూర్చోనివ్వండి.

మైకుసెట్టు
ముందుకి తెచ్చేముందు సౌండ్ బాక్సులు చూసుకోండి. చాలా సంఘాల్లో రెండు బాక్సులూ వేదిక పక్కన నేల మీద పెడతారు. చాపలు వాటి ముందు పడితే పిల్లల చెవులు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి. పెద్దలకి చిరాకు తెప్పించే గోలలో సగం ఇక్కడే పుడుతుంది. మైకు హోరులో పక్కవాడితో మాట్లాడాలంటే పిల్లలు అరవక తప్పదు.

బాక్సులు గోడకి 7 అడుగుల ఎత్తున బిగించి, కొంచెం కిందకి వంచి, వెనక బెంచీల వైపు తిప్పండి. అప్పుడు శబ్దం పిల్లల తలల మీదుగా పోతుంది. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టుకొని చాప మీద కూర్చొని చూడండి. పెద్దవాళ్ళకి వారానికి 40 గంటల వినికిడికి 80 డెసిబెల్స్, పిల్లలకి 75 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రెండున్నర గంటల ఆరాధనకి అంత కచ్చితం అక్కర్లేదు గాని పాటల్లో 95, 100 చూపిస్తే తగ్గించాల్సిందే. బయట ఐతే దూరం రెట్టింపు చేస్తే 6 డెసిబెల్స్ తగ్గుతుంది, రేకుల హాల్లో అంత తగ్గదు, శబ్దం కొట్టుకొని వెనక్కి వస్తుంది. వెనక గోడకి రెండు మందపాటి దుప్పట్లు వేలాడదీయండి, మాట స్పష్టంగా వినపడుతుంది.

మోటు_శబరి
వాన పడితే రేకుల కింద ఎంత మైకైనా వినపడదు. అప్పుడు ప్రసంగం ఆపి పిల్లలకి వచ్చిన పాట అందుకోవడం మేలు.

సంఘపెద్ద_రాయగడ
జయపురం సోదరుడు చూపించిన వచనాలు ఒప్పుకుంటాను. యోవేలు నాకు గుర్తు రాలేదు. కానీ చంటిపిల్ల ఏడుపు లంకించుకుంటే ప్రసంగం చేసే అయ్యగారి పరిస్థితి ఏంటి? ప్రతి ఆదివారం ఉండేదే ఇది.

కాశీనగరం_అమ్మ
దీనికి చెప్తాను. చంటిపిల్ల ఊరికే ఏడవదు. పదింటికి వచ్చిన పిల్ల పదకొండున్నరకి ఏడుస్తుంది, అది నిద్ర వేళ. తల్లి ఆకలితో ఉంటే పాలు చాలవు. ఉక్క. తడిసిన గుడ్డ. ఈ నాలుగూ దాటి వేరే కారణం అరుదు.

చేయాల్సింది ఏటంటే, పక్క తలుపు దగ్గర ఆరడుగుల మూల తీసుకోండి. తాడు కట్టి పాత చీర అడ్డంగా వేయండి, పాలివ్వడానికి చాటు. లోపల ఒక చాప, ఒక బిందె నీళ్ళు, నాలుగు పాత గుడ్డలు, దూలానికి చీర ఉయ్యాల. ఆ మూల హాలు లోపలే ఉండాలి. తల్లికి వాక్యం వినపడాలి కదా. వరండాలోకి పంపేస్తే ఆమె ఏడాదిన్నర వాక్యానికి దూరమైపోతుంది, ఇంకో కాన్పు వస్తే మూడేళ్ళు.

ఏడుపు వినగానే మైకులో "పిల్లల్ని బయటకి తీసుకెళ్ళండి" అనకండి. ఒక్కసారి అంటే ఆ తల్లి మళ్ళీ రాదు. పెద్ద వయసు అమ్మ ఒకరు లేచి వెళ్ళి బిడ్డని చేతుల్లోకి తీసుకోవాలి. తల్లి కూర్చుంటుంది, బిడ్డ తిరుగుతుంది. దీనికి ఇద్దరు నానమ్మల్ని వంతులేసి పెట్టండి.

మోటు_శబరి
+1. ఫ్యాను కూడా ఆ మూలకే.

రెండు_లిపులు
టీచర్ గారి రెండో చిక్కు గురించి రాస్తాను, ఇదే పెద్దది. గజపతి, రాయగడ, కోరాపుట్ అంతా ఇదే కథ. 1936లో ఒడిశా ఏర్పడ్డాక బళ్ళు ఒడియాకి మారాయి, మందిరాల్లో పాట తెలుగులోనే నిలిచింది. పిల్లవాడికి నోటి మాట ఒక భాష, కంటి అక్షరం ఇంకో భాష. తెలుగు అక్షరాలు నేర్పాల్సిందే, కానీ దానికి రెండేళ్ళు పడుతుంది. అందాకా పాట ఆగకూడదు. అందుకని తెలుగు పాటని ఒడియా లిపిలో రాయండి.

రాసేటప్పుడు వచ్చే తప్పులు ఇవి. ఒడియాలో ఎ, ఏలకి ఒకటే అక్షరం, ఒ, ఓలకి ఒకటే. తేడా తెలియక పిల్లలు సాగదీయాల్సిన చోట కుదించి తాళం తప్పుతారు. దీర్ఘం ఉన్నచోట పైన ఎర్ర గీత పెట్టండి. రెండోది, ఒడియా పిల్లలు గుణింతం లేని అక్షరాన్ని ఒ కి దగ్గరగా పలుకుతారు, "కరుణ" రాస్తే "కొరుణొ" అంటారు. ఇది రాతతో సరిచేయలేం, నోటితో నాలుగుసార్లు చెప్పించాలి. మూడోది, యేసు పేరు. ఒడియాలో 'య'లాగా కనిపించే అక్షరాలు రెండు. ఒకటి జ అని పలుకుతుంది. అలవాటుకొద్దీ అది రాశారంటే పాటంతా "జేసు". తోక ఉన్న రెండో అక్షరం రాయండి. నాలుగోది వ. మామూలుగా చేయి పోయేది బ అక్షరానికి, అప్పుడు "దేవా" కాస్తా "దేబా" అవుతుంది. వార్డు అని రాయడానికి వాడే అక్షరం ఉంది చూడండి, అది వాడండి.

కాగితాలు పంచకండి, మడతపెట్టి పడవలు చేస్తారు. తెల్ల గుడ్డ 5 అడుగులు × 4 అడుగులు, రెండంగుళాల అక్షరాలు, గుడ్డకి 4 వరుసలే. పల్లవి ఒక గుడ్డ, చరణం ఒక గుడ్డ. 20 అడుగుల దూరం వరకు కనపడుతుంది. పైన వెదురు కర్ర కుట్టి వేలాడదీయండి. నెలకి రెండు పాటలు చాలు. ఒడియా వరుస కింద అదే వరుస తెలుగు లిపిలో చిన్నగా రాయండి, పాడుతూ పాడుతూ తెలుగు అక్షరాలు కూడా కంటికి అలవాటవుతాయి.

బల్లార్షా_బిడ్డ
మా చంద్రపూర్ దిక్కు కూడా గిదే ముచ్చట, కాకపోతే మరాఠీ. బొగ్గు గనులకు, పేపర్ మిల్లుకు వచ్చిన తెలుగోళ్ళ పిల్లలు మరాఠీ, హిందీ బళ్ళల్ల సదువుతరు. నాగరి లిపిల య, వ, ళ మంచిగనే ఉన్నయి, ఎ-ఏ తిప్పలు మాత్రం అదే. ఇంకొకటి, మరాఠీల మాట చివరి అ మింగేస్తరు. "కృప" రాస్తే "క్రుప్" అని సదువుతరు. మేం చివర దీర్ఘం పెట్టి, పొట్టిగ పలకాలె అని చెప్తం. ఎర్ర గీత సంగతి బాగుంది, అది ఇప్పుడు మేం గూడ పెడతం.

గుణుపురం_కంజీర
లిపి సరిచేసినా పిల్లలు పాడకపోతే శ్రుతి చూడండి. మగ గాయకుడు తన గొంతుకి హాయిగా ఉన్న శ్రుతిలో ఎత్తుకుంటే పల్లవి చివర్లో స్వరం పిల్లల గొంతుకి అందనంత కిందకి దిగిపోతుంది. పిల్లలకి కీబోర్డు మీద మధ్య 'సి' పైన 'డి' నుంచి 'బి' దాకా సుఖంగా ఉంటుంది. పాటలో అన్నిటికన్నా కింది స్వరం ఆ 'డి' కంటే దిగకుండా శ్రుతి పెంచండి. లేదా ఆ పాటని ఆడవాళ్ళలో ఒకరు ఎత్తుకోవాలి. శ్రుతి అందకపోతే పిల్లలు అరుస్తారు, అది చూసి పెద్దలు భక్తి లేదంటారు.

డోలక్, కంజీర, తాళాలు పిల్లల చేతికివ్వండి. ఒకసారికి ఇద్దరికే. మిగతావాళ్ళు చప్పట్లు. తాళాలు పాట అయిన వెంటనే తిరిగి తీసుకోవాలి, మరిచిపోతే ప్రార్థన మధ్యలో మోగుతాయి.

పర్లాకిమిడి_టీచర్
ఇవన్నీ రాసుకుంటున్నాను. శ్రుతి సంగతి ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు ప్రసంగం వేళ. 40 నిమిషాలు ఎలా కూర్చోబెట్టాలి?

జయపురం_లూథరన్
40 నిమిషాలకి ముందే పిల్లల వాటా ఇచ్చేయాలి. క్రమం ఇలా పెట్టి చూడండి. మొదటి పాట, పిల్లల గుడ్డ ఉన్నది. తర్వాత ఒక పిల్లవాడి ప్రార్థన. వాక్య పఠనం, ఒక పాఠం పిల్లలది. ఆ వెంటనే అయ్యగారు దిగి వచ్చి చాపల దగ్గర 6 నిమిషాలు మాట్లాడాలి. ఆ మాట పెద్దల ప్రసంగం ఏ భాగమో అదే భాగంలోంచి రావాలి. వేరే నీతికథ చెబితే పిల్లలకి ఒక మతం, పెద్దలకి ఒక మతం అయిపోతుంది. అదే భాగమైతే ప్రసంగంలో ఆ పేర్లు మళ్ళీ వినపడినప్పుడు చెవి నిక్కబొడుచుకుంటుంది.

ఈ 6 నిమిషాల్లో జరిగే తప్పు ఒకటుంది. పిల్లల్ని ప్రశ్న అడిగి, వాళ్ళు చెప్పినదానికి పెద్దలంతా నవ్వడం. పిల్లవాడికి అది వేళాకోళం. ఒకసారి నవ్వితే ఇక నోరు విప్పడు. ఇంకో తప్పు, జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు. దేనికైనా "యేసు" అంటే సరిపోతుందని పిల్లలు కనిపెట్టేస్తారు. "ఐదు రొట్టెలు ఇచ్చేసిన అబ్బాయి ఇంటికెళ్ళి అమ్మకి ఏం చెప్పి ఉంటాడు?" అని అడగండి. తర్వాత మాట్లాడకుండా పది లెక్కపెట్టండి. జవాబు వస్తుంది.

లూథర్ 1529లో చిన్న ప్రశ్నోత్తరి రాసింది ఇంటి యజమాని ఇంటిల్లిపాదికీ నేర్పడానికి. ఒక్కో ఆజ్ఞ కింద "దీని అర్థమేమి?" అనే ప్రశ్న. నిర్గమ 12:26లో కూడా పస్కా నాడు పిల్లలు "ఈ ఆచారం ఏంటి" అని అడుగుతారని ముందే అనుకొని జవాబు సిద్ధం చేసుకోమన్నాడు. అడిగే పిల్లవాడు ఆ క్రమంలో భాగం.

రెండు_లిపులు
పిల్లల చేత వాక్యం చదివించడం గురించి. 6 నుంచి 8 వచనాలు మించొద్దు. గురువారం కాగితం చేతికివ్వాలి, ఆదివారం ఉదయం ఇస్తే తడబడతాడు, సిగ్గుపడతాడు. 20 పాయింట్ల అక్షరం. మన బైబిల్లో సంధులు కలిపేసి ఉంటాయి, పిల్లలు అక్కడే పడిపోతారు. మార్కు 10:14లో "వారి నాటంకపరచవద్దు" అని ఉంటుంది. పిల్లవాడికి అందులో నాటకం కనపడుతుంది. పెన్సిల్‌తో "వారిని / ఆటంకపరచవద్దు" అని విడగొట్టి రాసివ్వండి. ఊపిరి తీసుకునే చోట గీత. ఇంట్లో మూడుసార్లు పైకి చదవాలి, ఒకసారి అమ్మకి, ఒకసారి ఖాళీ హాల్లో, ఒకసారి మైకులో. నిలబడటానికి 8 అంగుళాల ఎత్తు చెక్కపెట్టె. లేకపోతే వేదిక మీద తల కూడా కనపడదు.

తెలుగు చదవలేనివాళ్ళకి ఒడియా బైబిల్లోంచి అదే భాగం చదవనివ్వండి. హాల్లో ఒడియా రానివాళ్ళు ఎవరున్నారు?

కాశీనగరం_అమ్మ
ప్రసంగం వేళకి గుడ్డ సంచీ. ఒక్కో పిల్లకి ఒకటి. అందులో రూళ్ళు లేని తెల్లకాగితం 2, అట్ట ముక్క, మైనపు రంగులు 4. స్కెచ్ పెన్నులు వద్దు, మూతలు పడి దొర్లుతాయి, రంగు చాపకి అంటుతుంది. పెన్సిల్ ఇస్తే చెక్కే మర అడుగుతారు. తినేవి ఏమీ పెట్టకండి, ఒకరికి ఉండి ఒకరికి లేకపోతే యుద్ధమే. ఐదేళ్ళ లోపు వాళ్ళకి ఆ రోజు భాగంలోంచి ఒక బొమ్మ. ఎనిమిది దాటినవాళ్ళకి ఒక మాట ఇవ్వండి, "కృప" ఎన్నిసార్లు వినపడితే అన్ని గీతలు. చివర్లో అయ్యగారు ఆ లెక్క అడగాలి. అడగడం మర్చిపోతే వచ్చే వారం ఎవరూ గీయరు.

మోటు_శబరి
ప్రసంగం 25కి దించుకోమని అయ్యగారికి ఎవరు చెప్తారు?

సంఘపెద్ద_రాయగడ
అది నేను చెప్తాను, పెద్దల పని అదే. 25 నిమిషాల్లో చెప్పలేనిది 40లో కూడా పట్టదు.

కానీ ఒక అనుమానం. సండే స్కూల్ ఆరాధన వేళలోనే పక్కన పెట్టడం మిషనరీల కాలం నుంచీ ఉన్న పద్ధతే కదా. మనం కొత్తగా కనిపెట్టింది కాదే?

బరంపురం_పూజపీఠం
సండే స్కూల్ మొదలైంది అందుకు కాదండి. 1780లో ఇంగ్లండు గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ పెట్టాడు. వారమంతా పనుల్లో ఉండే పేద పిల్లలకి ఆదివారం ఒక్కటే సెలవు, ఆ రోజు చదువు చెప్పడానికి. పాఠం తర్వాత వాళ్ళని గుడికి తీసుకెళ్ళేవారు. ఆరాధనకి బదులుగా పెట్టింది కాదు.

నేను కథోలికుణ్ణి, మా దగ్గర క్రమం వేరు. 1910లో పదో పయస్ పాపుగారు మొదటి దివ్యసత్ప్రసాదం (మీరు ప్రభుభోజనం అనేది) తీసుకునే వయసుని ఏడేళ్ళ దగ్గరకి తెచ్చారు. అంతకుముందు చాలాచోట్ల పది, పన్నెండు దాకా ఆపేవారు. 1973లో పిల్లలతో పూజకి ప్రత్యేక సూచనలు రోము నుంచి వచ్చాయి. పిల్లలు ఎక్కువున్న పూజలో మాటలు, పాటలు, కానుకల ఊరేగింపు ఎలా ఉండాలో అందులో ఉంది. మౌనం కూడా పిల్లలకి చేతనవుతుందని అందులో ఒప్పుకున్నారు. నిజమే, ముందే చెప్పి ఒక నిమిషం మౌనం పెడితే పిల్లలు పెద్దలకన్నా బాగా ఉంటారు.

జయపురం_లూథరన్
ప్రభుభోజనం దగ్గర పిల్లల్ని ఏం చేస్తున్నారో కూడా చెప్పుకుందాం. మా దగ్గర నిర్ధారణ (తన విశ్వాసాన్ని తానే సంఘం ఎదుట ఒప్పుకోవడం) తర్వాతే. బాప్తిస్టు సంఘాల్లో బాప్తిస్మం తర్వాత.

గుణుపురం_కంజీర
మాది బాప్తిస్టు సంఘం, బాప్తిస్మానికి ముందు బల్ల ఇవ్వం, ఇది మార్చమని ఎవరూ అడగటం లేదు. కానీ ఆ వేళకి పిల్లల్ని బయటకి తోలక్కర్లేదు. తల్లిదండ్రులతో పాటు ముందుకి రానివ్వండి, అయ్యగారు తలమీద చేయి వేసి పేరు పెట్టి దీవించాలి. మార్కు 10:16లో ఆయన చేసింది అదే, ఎత్తి కౌగిలించుకొని చేతులుంచాడు. పేర్లు తెలియకపోతే ఆ నెల అయ్యగారు నేర్చుకోవాలి. మిగిలిన రొట్టె బయట పిల్లలకి చిరుతిండిగా పంచడం మాత్రం మానండి. బల్ల అంటే ఏంటో అక్కడ చెరిగిపోతుంది.

సంఘపెద్ద_రాయగడ
ఇంతవరకు ఒప్పుకుంటున్నాను. కానీ "పిల్లల విశ్వాసం నుంచి నేర్చుకోవాలి" అనే మాట ఈ మధ్య బాగా వినపడుతోంది. పిల్లలు అమాయకులు, నిష్కపటులు అని అంటే ఒప్పుకోలేను. చాప మీద చోటు కోసం గిచ్చుకోవడం అందరూ చూసేదే.

జయపురం_లూథరన్
అమాయకత్వం అని మార్కు 10:15లో లేదు. "చిన్నబిడ్డలాగా అంగీకరించడం" అని ఉంది. బిడ్డ దేన్నైనా ఎలా తీసుకుంటుంది? రెండు చేతులూ చాపుతుంది. బదులు ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ లేదు. ఆ కాలంలో పిల్లవాడికి సభలో మాట లేదు, స్థానం లేదు. మత్తయి 18లో ఎవరు గొప్ప అని శిష్యులు అడిగితే అలాంటివాణ్ణి తెచ్చి మధ్యలో నిలబెట్టాడు. మధ్యలో అని రాసి ఉంది, వరండాలో కాదు.

నయమాను ఇంట్లో చెరపట్టిన ఇశ్రాయేలు చిన్నది (2 రాజులు 5) చూడండి. తనని ఎత్తుకొచ్చిన దండుకి నాయకుడు ఆయన. అయినా కుష్ఠు నుంచి ఆయన బాగుపడాలని కోరుకుంది. సేనాధిపతికి ఊరట ఎక్కడుందో ఆ ఇంట్లో తెలిసింది ఆ పిల్లకి ఒక్కదానికే. పేరు కూడా రాయలేదు.

మత్తయి 21:15 ఇంకోటి. ఆలయం శుద్ధి చేశాక గుడ్డివాళ్ళు, కుంటివాళ్ళు వచ్చారు, పిల్లలు "హోసన్న" అని కేకలేశారు. ఆయన చేసిన అద్భుతాలూ ఆ కేకలూ చూసి యాజకులకి మండింది. ఆయన 8వ కీర్తన ఎత్తి చూపాడు. పిల్లల కేకలు రాసింది మత్తయి ఒక్కడే. మట్టల ఆదివారం మనం ఈత మట్టలు చేతికిచ్చి పిల్లల్ని వీధంతా తిప్పుతాం, మందిరం గుమ్మం దగ్గరకి రాగానే "ఇక ష్" అంటాం. ఆ రోజు ఆయన సమర్థించింది గుమ్మం లోపలి కేకల్ని.

మోటు_శబరి
పిల్లల ప్రార్థన విన్నారా ఎప్పుడైనా? "ప్రభువా, మా ఆవు లేవటం లేదు. లేపు. ఆమెన్." అంతే. పెద్దలం ఉపోద్ఘాతం చెప్పేలోపు వాళ్ళు అడగాల్సింది అడిగేస్తారు. విన్నదాన్ని వారం తర్వాత వాళ్ళే మళ్ళీ అడుగుతారు, ఆవు లేచిందా అని. పెద్దలు చేసే ప్రార్థన విన్నపాల్ని ఎవరు తిరిగి అడుగుతున్నారు?

రెండు_లిపులు
దానికి ఒక నోటుబుక్కు పెట్టండి. ఎడమ పేజీలో పిల్లలు అడిగిన విన్నపం, తేదీ. కుడి పేజీలో ఏం జరిగిందో. జరగనిది కూడా రాయాలి. తాతయ్య బతకాలని ప్రార్థించినా ఆయన చనిపోతే ఆ పిల్లవాడికి "నీ విశ్వాసం చాలలేదు" అని ఎవరూ అనకూడదు, అది ఆ పసివాడి మీద మోపే బరువు. ఏడ్చి, ఆ పేజీలో "తాతయ్య చనిపోయాడు" అనే రాయాలి.

ఇంకో నోటుబుక్కు ప్రశ్నలకి. "దేవుడికి ఒడియా వచ్చా?" అని ఒక చిన్నపిల్ల అడిగితే తేలిగ్గా తీసేయకండి. శిష్యులు రకరకాల భాషల్లో మాట్లాడిన పెంతెకొస్తు దినం గురించి అంతకన్నా మంచి ప్రశ్న లేదు. నెలకి ఒక ప్రశ్న తీసుకొని అయ్యగారు ప్రసంగంలో జవాబు చెప్పాలి, అడిగిన పిల్ల పేరు చెప్పి మరీ.

కాశీనగరం_అమ్మ
కంఠత వాక్యాల పోటీకి బహుమతులు కూడా ఆలోచించండి. ప్రతిసారీ తెలుగు చదవగలిగిన ముగ్గురికే వస్తాయి. ఒడియాలో చెప్పినా, సవర భాషలో చెప్పినా సమానంగా చూడండి. లేదా చాపకి ఒక వాక్యం ఇచ్చి ఆరుగురూ కలిసి చెప్పేలా చేయండి.

బల్లార్షా_బిడ్డ
పిల్లల భద్రత మీద ఎవరూ రాయలే. గిది ముఖ్యం. ఏ పెద్దమనిషి గూడ ఒక్క పిల్లతోని తలుపేసిన గదిల ఉండొద్దు. ఇద్దరు పెద్దలుండాలె, తలుపు తెరిచి ఉండాలె. బెత్తం అస్సలొద్దు. మరుగుదొడ్డికి పోతే ఇద్దరు పిల్లలు కలిసి పోవాలె. ఫోటోలు తల్లిదండ్రులని అడగకుంట వాట్సాప్‌ల పెట్టొద్దు. ఏ పిల్లన్న తన మీద చెయ్యేసిండ్రని చెప్తే సంఘంల పంచాయతీ పెట్టి మూసెయ్యొద్దు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పుడు బాధ్యత, చెప్పకుంటే 21వ సెక్షన్ కింద శిక్ష. పిల్లలను చేర్చుకొనుడంటే ముందు గిది.

సంఘపెద్ద_రాయగడ
దీనికి నా పూర్తి మద్దతు. ఒడిశావాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. పాటలకి, బొమ్మలకి ఇరుగుపొరుగు ఇళ్ళ పిల్లలు కూడా వస్తారు. వాళ్ళ అమ్మానాన్నలతో ముందే మాట్లాడి, వాళ్ళు సరేనంటేనే కూర్చోబెట్టండి. 1967 నుంచి ఇక్కడ మతమార్పిడి మీద చట్టం ఉంది, బలవంతం, ప్రలోభం అన్న ఆరోపణ మైనర్ల విషయంలో రుజువైతే శిక్ష రెట్టింపు. చట్టం లేకపోయినా చేయాల్సింది ఇదే. తల్లిదండ్రులకి తెలియకుండా వాళ్ళ బిడ్డని మన దగ్గర ఉంచుకోకూడదు. బిస్కెట్లు, బట్టలు ఆశపెట్టి పిలవడం అసలు వద్దు.

బరంపురం_పూజపీఠం
కానుక పళ్ళాలు పిల్లల చేత తిప్పించండి. ఇద్దరు పిల్లలు, వెనక ఒక పెద్ద. లెక్కపెట్టడం మాత్రం పెద్దలదే. క్రిస్మస్‌కి ఒక్కరోజు వేదిక ఎక్కించి మిగతా 51 ఆదివారాలు ఖాళీగా కూర్చోబెట్టే అలవాటు ఇలా పోతుంది.

పర్లాకిమిడి_టీచర్
అందరి మాటా కలిపి కమిటీకి ఒక పేజీ రాశాను, చూసి చెప్పండి. ఇది 8 ఆదివారాలకే, తర్వాత మళ్ళీ కూర్చొని ఏది నిలిచిందో చూద్దామని అడుగుతాను. ఒకేసారి ఎప్పటికీ అంటే ఒప్పుకోరు.

మొదటి రెండు వారాలు చాపలు ముందుకి, బాక్సులు పైకి, చంటిపిల్లల మూల. ఇంకేమీ మార్చను. మూడో వారం నుంచి ఒక పాట గుడ్డ, పిల్లల ప్రార్థన. ఐదో వారం నుంచి పిల్లల వాక్య పఠనం, అయ్యగారి 6 నిమిషాలు. సంచీలు స్త్రీల సమాజం కుడతామన్నారు, 40 అడిగాను. 8 గంటల సండే స్కూల్ ఉంచుతున్నాను, కానీ 9కి ముగించి, నీళ్ళు, ఉడికించిన శనగలు పెట్టి, 10కి అందర్నీ లోపలికే తెస్తాను. ఆకలితో వచ్చే పిల్లలు మా దగ్గర చాలామంది.

24 మంది పేర్లలో ఇప్పటికి 15 దొరికాయి. అందులో నలుగురు మగవాళ్ళు.

గుణుపురం_కంజీర
మొదటి రెండు వారాలు గోల పెరుగుతుంది. ఇది కమిటీకి ముందే చెప్పండి. కొత్త చోటు కాబట్టి పిల్లలు లేచి చూస్తారు, వెనక్కి తిరిగి అమ్మకి చెయ్యి ఊపుతారు. మూడో వారానికి తగ్గుతుంది. చెప్పకపోతే రెండో వారమే చాపలు వెనక్కి వెళ్ళిపోతాయి.

సంఘపెద్ద_రాయగడ
ఈ పేజీ బాగుంది. మా కమిటీలో కూడా పెడతాను. మిగతా తొమ్మిది పేర్ల కోసం పెద్దల్ని నేరుగా అడగండి, మైకులో ప్రకటిస్తే ఎవరూ చేయి ఎత్తరు. చాప చివర కూర్చోవడానికి మోకాళ్ళు సహకరించనివాళ్ళకి పొట్టి పీట వేయండి.

కాశీనగరం_అమ్మ
చీర ఉయ్యాలకి మీ హాల్లో దూలం ఉందా? రేకుల కింది ఇనప గొట్టానికి కట్టకండి, జారుతుంది.

పర్లాకిమిడి_టీచర్
వాకిలి పక్కన టేకు దూలం ఉంది. రేపు కొక్కెం బిగించి, బియ్యం బస్తా వేలాడదీసి చూస్తాను.